వదినకు నేర్పని పని

నాయనమ్మను ఎడమపక్కకు ఒత్తిగిలించి, వీపు వెనక దిండు సర్దుతూ బుల్లి కొత్తగా నేర్చుకుంటున్న భాషలో "మోకాలు, భుజం, నొప్పిగా ఉందా?" అని వల్లెవేస్తోంది. "నా మీద ఏం మంత్రాలు చదువుతున్నావే?" అంది నాయనమ్మ. "నువ్వు లేచి పరిగెత్తడానికి" అంటే, "పరిగెత్తి ఎక్కడికి పోనే, అన్నం ఇక్కడేగా పెడతారు" అని నవ్వింది. పక్షవాతం ఆవిడ కాలూ చెయ్యీ పట్టుకుపోయింది గానీ నోటి జోలికి రాలేదు.

బుల్లి ఫిజియోథెరపీ చదువు పూర్తయింది. సముద్రం అవతల ఒక దేశంలో, భూకంపంలో నడుములు విరిగినవాళ్ళకు మళ్ళీ నడక నేర్పే ఆసుపత్రిలో రెండేళ్ళు స్వచ్ఛందంగా పనిచేయడానికి ఆమెను తీసుకున్నారు. గదీ, తిండీ ఇస్తారు. జీతం ఉండదు. ఆ మాట చెప్పిన రోజు నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "జీతం లేకుండా రాత్రీ పగలూ చాకిరీ ఎవరైనా చేస్తారటమ్మా?" అన్నాడు. వంటగదిలో అమ్మ చేతిలో గరిట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

వారం తిరిగేసరికి నాన్నే ఆఫీసంతా చాటింపు వేశాడు, తన కూతురు సేవకు వెళుతోందని. అన్నయ్య మంచి పెట్టె కొనుక్కొచ్చాడు. బుల్లి మాత్రం ఎవరెవరితో ఎలా పోట్లాడాలో నెలరోజులుగా మనసులో రిహార్సల్ వేసుకుని కూర్చుంది, తీరా చూస్తే పోట్లాడేవాళ్ళే లేరు. ప్రయాణానికని వేయించుకున్న టీకాకు చెయ్యి వాచి జ్వరమొస్తే అమ్మ పక్కన కూర్చుని, "నాయనమ్మ గురించి బెంగపెట్టుకోకు. వదిన ఉద్యోగం మానేస్తుందిలే" అంది. జ్వరంలో ఉన్న బుల్లికి ఆ మాట వినగానే హాయిగా నిద్రపట్టింది. తెల్లారాక ఆ నిద్ర గుర్తొచ్చి సిగ్గేసింది.

వదిన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఈ మధ్యే యజమాని దుకాణం తాళాలు ఆమె చేతికిచ్చి, అంతా నువ్వే చూసుకో అన్నాడు. ఆ సాయంత్రం మేడ మీద ఆరిన దుప్పట్లు చెరో కొసా పట్టుకుని మడతపెడుతుంటే బుల్లి అడిగేసింది. "వదినా, మానేస్తానన్నావా?"

"అనలేదు."

"మానేయనని చెప్పొచ్చుగా?"

"అడిగితేగా చెప్పడానికి." వదిన దుప్పటి కొస తెచ్చి బుల్లి చేతికి అందించింది. "నిన్ను తప్పుపట్టట్లేదు, నువ్వు వెళ్ళు. కానీ తమాషా చూడు. ఇదే పని నువ్వు అక్కడ చేస్తే ఫోటో తీసి గోడకు పెడతారు. నేను ఇక్కడ చేస్తే, కూర చల్లారిపోయింది ఇంకా రాలేదేమంటారు."

బుల్లి రెండు కొసలూ కలిపి పట్టుకుంది. ఇంట్లో అందరూ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో అప్పటికి తెలిసింది. తన బరువు దించుకుందామనుకుంది గానీ, అది నేల మీదకు కాక ఇంకో ఆడదాని నెత్తి మీదకు వెళుతోందని చూసుకోలేదు. అలాగని ఆగిపోతే? అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చదువుకుంటూ నాలుగేళ్ళు తనే చేసింది, పరీక్షలప్పుడూ చేసింది, జ్వరమొస్తే మాస్కు పెట్టుకుని చేసింది. ఆగిపోతే ఇంకో నాలుగేళ్ళు చేస్తుంది, ఆ తర్వాత పెళ్ళి చేసి పంపిస్తారు, అప్పుడైనా వదినే. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు. పొద్దున్నే జిమ్‌కు వెళ్ళి ఎనభై కిలోలు ఎత్తి, అద్దంలో కండలు చూసుకుని వస్తాడు. అతని పేరు ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. నిజం చెప్పాలంటే తన నోటా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ పిలిచింది. "ఏమ్మా కోడలా, ఇలా రా. బుల్లి వెళ్ళేలోపు అంతా చూసి నేర్చుకో."

"వదినకు నేర్పను" అంది బుల్లి. "అన్నయ్యా, నువ్వు రా."

అన్నయ్య ఫోన్‌లోంచి తలెత్తి నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నాకు నడుం నొప్పి" అన్నాడు.

"నేను చదివింది నడుముల చదువే. నీది భేషుగ్గా ఉంది."

"మీ వదినే ఊరుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"కందను ఎవరూ అడగలేదు" అంది బుల్లి. గుమ్మం దగ్గర వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాడికేం చేతనవుతుందే, మగపిల్లాడు" అని అమ్మ. "వాడు నన్ను ముట్టుకోవడమేమిటి, సిగ్గులేకుండా" అని నాయనమ్మ. "వాడి ముడ్డి కడిగింది నువ్వేగా నాయనమ్మా" అని బుల్లి అనేసరికి ముసలావిడకు నవ్వాగలేదు. నాన్న పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. బుల్లి దిండువైపు చూసింది. ఇప్పుడు తను వంగి దిండు అందుకుందా, ఇక అంతే, ఈ ఇంట్లో ఈ మాట మళ్ళీ లేవదు. చేతులు కట్టుకుని నిలబడింది.

ఎవరూ కదలకపోయేసరికి అన్నయ్యే లేచి వచ్చాడు. మొదటిసారి లాగితే నాయనమ్మ "చంపుతున్నాడర్రా" అని కేకపెట్టింది. రెండోసారి దుప్పటి నలిగి వీపు కింద ముద్దయింది. "చేతుల్తో లాగకు, మోకాళ్ళు వంచి ఒంటి బరువుతో తిప్పు" అంది బుల్లి. మూడోసారి నాయనమ్మ చక్కగా ఒత్తిగిలింది. చెమట తుడుచుకుంటూ అతను అందరివైపూ గర్వంగా చూశాడు.

"సరే, వచ్చేసింది. ఇలా ఎన్నిసార్లు చేయాలి?"

"రెండు గంటలకోసారి. లేకపోతే వీపు పుండ్లు పడుతుంది."

"రాత్రి కూడానా?"

"రాత్రి కూడా."

నాయనమ్మ వీపు మీద ఒక్క మచ్చ లేదు. అన్నయ్య ఆ వీపువైపు కాసేపు చూశాడు. తర్వాత, నిజంగానే తెలియక, చిన్న గొంతుతో అడిగాడు.

"మరి ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు ఎవరు తిప్పారు?"