విదేశం నుంచి రావాల్సిన గొంతు

మా కోడలు బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో, ఏది ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. నేను ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మిషను చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతు ఎప్పుడో గరుకెక్కింది. అందుకని మేమిద్దరం మామూలుగా మాట్లాడుకున్నా పక్కింటివాళ్ళకి పోట్లాడుకుంటున్నట్టే వినిపిస్తుంది. సగం రోజులు అది నిజమే లెండి. అత్తాకోడళ్ళం, కత్తులు నూరుకోకపోయినా కాసిని మాటలైనా విసురుకోకపోతే మాకు అన్నం సయించదు.

అలాంటి మా కోడలి గొంతులో కేన్సరన్నారు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టరుగారు. "మాట పోతుందమ్మా, మనిషి దక్కుతుంది" అన్నారు. కోడలు తల వంచుకుంది. మా అబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇక నేనే నోరు విప్పాను.

"మనిషిని దక్కించండి డాక్టరుగారూ. మాట సంగతి మేం చూసుకుంటాం" అన్నాను.

ఎలా చూసుకుంటామో నాకేం తెలుసు? ఆ క్షణానికి అలా వచ్చేసింది. కానీ ఆయన దాన్ని పట్టుకుని, దానికీ ఒక దారి ఉందన్నారు. మాట పోబోయేవాళ్ళ గొంతు ముందే రికార్డు చేసి పంపితే, అచ్చం ఆ గొంతుతోనే పలికే ప్రోగ్రాం తయారు చేసే కంపెనీ ఒకటి విదేశంలో ఉందట. మనం అక్షరాలు టైపు చేస్తే అది పైకి చదువుతుంది. అయితే ఆ ప్రోగ్రాం ఆ కంపెనీ కొత్తగా తెస్తున్న టాబ్లెట్‌లోనే పనిచేస్తుంది. సరేనన్నాం. మావాడు ఆ రోజే ఆర్డరు పెట్టాడు.

రికార్డింగు ఇంట్లో చేద్దామంటే కుదరలేదు. నా మిషను ఆపినా వీధిలో హారన్లు ఆగవు, పైవాటాలో కుర్చీలు జరపడం ఆగదు. ఊళ్ళో నిశ్శబ్దంగా ఉండే గది ఏదంటే బస్టాండు నడిబొడ్డున ఉన్న అనౌన్స్‌మెంటు గదే. నాలుగు వైపులా అద్దాలు, గోడలకి మెత్తటి అట్టలు, తలుపు వేస్తే బయట బస్సులు మూగగా కదులుతుంటాయి. మేనేజరుగారు మధ్యాహ్నాలు మాకు వదిలిపెట్టారు. ఆ మంచిమనిషికి ఈ జన్మలో ఏం బాకీ ఉంచుకోకూడదని వాళ్ళింటి కర్టెన్లన్నీ నేనే కుట్టిచ్చాను.

కోడలు మైకు ముందు కూర్చునేది. పక్కన బల్ల మీద లాప్‌టాప్‌తో మావాడు. వాడు బస్సు డిపోలో మెకానిక్కు, చేతికి గ్రీజు పోలేదని ఒక్క వేలితోనే మీటలు నొక్కేవాడు. మూలన స్టూలు మీద టీ ఫ్లాస్కుతో నేను. కంపెనీవాళ్ళు పంపిన వాక్యాలు ఒక్కొక్కటే చదవాలి. "ఈరోజు వర్షం వచ్చేలా ఉంది", "తలుపు దగ్గరగా వెయ్యి", "నాకు నిద్ర వస్తోంది". ఎర్రలైటు వెలగ్గానే ఆమె నడుము దానంతటదే నిటారయ్యేది. గొంతు ఒక మెట్టు పైకెక్కేది. మాటకీ మాటకీ మధ్య సమానంగా జాగా వదులుతూ, చివరి మాట కొంచెం సాగదీస్తూ చదివేది. ఎంత చక్కగా చదువుతోందో అని మురిసిపోయాను. మావాడూ మురిసిపోయాడు. మురిసిపోవడమే తప్ప బుర్ర పెట్టలేదు ఇద్దరం.

నాకేమో ఉప్పు తిన్న కోడిలా ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఒకసారి దగ్గు వచ్చింది. ఒకసారి ఫ్లాస్కు మూత దొర్లిపోయింది. "ఇంకా చాలా ఉన్నాయా?" అని ఒకసారి, "గొంతు తడుపుకోవే" అని ఒకసారి. ప్రతిసారీ కోడలు చదవడం ఆపి, వెనక్కి తిరిగి నాకు పెట్టాల్సింది పెట్టేది.

"అబ్బ! ఆ మూత సరిగ్గా బిగించండి అత్తయ్యా, చీర మీద పడుతుంది."

"చదువుతుంటే మధ్యలో అడుగుతారేంటి, ఇదేమన్నా కూరగాయల బేరమా?"

చివరికి ఒకరోజు చేతులు జోడించేసింది. "అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, కాసేపు నోరు మూసుకుంటారా!"

మావాడు నవ్వుతూనే ఆ పాడైన ముక్కల్ని విడిగా తీసి లాప్‌టాప్‌లో ఒకచోట పడేశాడు. దానికి 'అమ్మ చెడగొట్టినవి' అని పేరు కూడా పెట్టాడు. కన్నకొడుకు!

ఆపరేషను బాగా జరిగింది. డాక్టరుగారు అన్నమాట నిలబెట్టుకున్నారు, మనిషి దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఆ గుడ్డలన్నీ మెత్తటి నూలుతో నేనే కుట్టాను. ఇంటికొచ్చిన రోజు ఆమె గుమ్మంలో నిలబడి నావంక చూసి నవ్వితే, ఇంకేమీ వద్దనిపించింది.

వద్దనిపించడం ఒక పూట ఉంటుంది. రెండో పూట నుంచి కావాలనిపిస్తుంది.

కంపెనీ నుంచి మావాడి ఫోనుకి కబురొచ్చింది. గొంతు తయారైపోయింది. దాన్ని పలికించే టాబ్లెట్ మాత్రం వాళ్ళ దేశంలో ఎగబడి కొంటున్నారట, విదేశీ కొనుగోలుదారులకు మరికొంత సమయం పడుతుందట.

"విదేశీయులెవరురా?" అన్నాను.

"మనమే అమ్మా."

"నా ఇంట్లో నా మిషను ముందు నేను కూర్చుంటే విదేశీయురాలినెలా అయ్యాను? వాళ్ళే కదా విదేశం!"

"'మీ ఓపికకు కృతజ్ఞతలు' అని కూడా రాశారమ్మా."

"నేను ఓపిక పట్టానని వాళ్ళకెవరు చెప్పారు?"

మళ్ళీ ఇంకో కబురు, మళ్ళీ అదే పాట. అక్కడి జనం ఆ టాబ్లెట్ల మీద బొమ్మలు గీసుకుంటున్నారట, సినిమాలు చూసుకుంటున్నారట. చూసుకోనీ, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. కానీ మా కోడలి గొంతు సముద్రం అవతల తయారై కూర్చుని, ఇవతలికి రావడానికి బండి దొరక్క ఎదురుచూస్తుంటే వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

ఇంట్లో ఆమె ఫోనులో టైపు చేసి చూపించేది. నేను కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని, పెట్టుకుని చదివేసరికి ఆమె కోపం చల్లారిపోయేది. చల్లారిన కోపంతో పోట్లాటేం రుచిగా ఉంటుంది?

ఒక సాయంత్రం మిషను మీద వంగి జేబు కుడుతున్నాను. దారం తెంపుదామని తలెత్తితే, గోడ మీద నీడ కనిపించింది. వెనక్కి తిరిగితే కోడలు. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. చేతిలో కాలిన గిన్నె, వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి. పెదాలు 'అత్తయ్యా' అంటున్నాయి, చప్పుడు లేదు. మిషను రొదలో అడుగు చప్పుడు కూడా నాకు వినపడలేదు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. చెయ్యి కాలినందుకు కాదవి. వెనక నుంచి మనిషిని పిలవలేకపోయినందుకు.

వేళ్ళకి మందు రాస్తూ నేనూ ఏడ్చాను. ఆ మర్నాడే ఆమె కొంగుకి ఒక స్టీలు చెంచా కట్టాను. గోడో గిన్నో ఏది దొరికితే దాని మీద కొట్టాలి. ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు, ఎడాపెడా కొడితే పరుగెత్తుకు రా అని. పోట్లాటలకి కూడా ఒక పద్ధతి కుదుర్చుకున్నాం. నా మాటా నేనే అనేదాన్ని, ఆమె మాటా నేనే అనేదాన్ని.

"పప్పులో ఉప్పెక్కువైందే అమ్మాయ్. దానికి నువ్వేమంటావ్? 'పొద్దున తక్కువైందన్నారుగా అత్తయ్యా, అదీ ఇదీ కలిపి సరిపెట్టుకోండి' అంటావ్. అంతేనా?"

టంగ్. అవును.

"'అయినా మీ నాలుకకి వయసైపోయింది' అని కూడా అంటావ్."

టంగ్, టంగ్. కాసేపాగి, నవ్వుతూ, టంగ్.

అలా ఆమె మాటలు నా నోట్లో దాచాను. కానీ నా నోట్లో ఉన్నవి ఆమె మాటలే, ఆమె గొంతు కాదు. రోజురోజుకీ ఆ తేడా పెద్దదవుతుంటే, ఆ గొంతు నేనే మరిచిపోతున్నానేమోనని భయం పట్టుకుంది.

చివరికి వచ్చింది. కొరియరతను గుమ్మంలో నిలబడి సంతకం పెట్టమంటే, నేను అతన్ని లోపలికి లాగి, కూర్చోబెట్టి, టీ ఇచ్చాను. "నువ్వేం మోసుకొచ్చావో నీకు తెలియదు నాయనా" అన్నాను. అతను హడలిపోయి, గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

మావాడు డబ్బా విప్పి, తంటాలన్నీ పడి టాబ్లెట్‌ని కోడలి ఒళ్ళో పెట్టాడు. ఆమె టైపు చేసింది. నొక్కింది.

"అత్తయ్యా... టీలో... పంచదార... తక్కువైందీ..."

ఆమె గొంతే! ఇల్లంతా మోగింది. మావాడు చప్పట్లు కొట్టి, "ఏ ప్లాట్‌ఫారం మీద తక్కువైంది?" అన్నాడు. నేనూ పకపకా నవ్వాను.

నవ్వి చూస్తే కోడలు నవ్వడం లేదు. ఇంకో మాట కొట్టి నొక్కింది. అది 'ఏమండీ' అని మొగుణ్ణి పిలవడం. అదీ బస్టాండులోంచే వచ్చింది, చివర సాగదీసుకుంటూ. ఆమె టాబ్లెట్‌ని బోర్లించి, ఫోను తీసి ఏదో రాసి నా చేతిలో పెట్టింది. కళ్ళజోడు కోసం తడుముకుని చదివాను.

"ఇది నేను కాదు అత్తయ్యా. ఇది మైకు."

అప్పుడు వెలిగింది మా ఇద్దరి బుర్రల్లో. ఏళ్ళ తరబడి ఎర్రలైటు చూడగానే మారిపోయే గొంతు, ఆ రోజు మాత్రం ఎందుకు మారదు? ఇంటి గొంతు కావలసినచోట ఉద్యోగం గొంతు ఇచ్చి పంపాం. సముద్రం దాటి వచ్చింది అదే. ఇంటి గొంతు ఆస్పత్రిలోనే పోయింది, మళ్ళీ రికార్డు చేద్దామన్నా లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక, ఫ్లాస్కు మూత ఠపీమని బిగించాను.

మూత బిగించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఒరేయ్, నేను చెడగొట్టినవి ఏవిరా?"

వాడు లాప్‌టాప్ తెచ్చాడు. తెరిచాడు. నా దగ్గు వినిపించింది. తర్వాత ఆమె. "అబ్బ! ఆ మూత సరిగ్గా బిగించండి అత్తయ్యా..." నిటారు నడుము లేదు, సాగదీత లేదు. విసుగూ చనువూ కలిసిన మా ఇంటి గొంతు. ముక్క తర్వాత ముక్క వింటూ కోడలు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నా వాగుడు ఒకరికి పనికొచ్చిందని నేను నమ్మడానికి చాలాసేపు పట్టింది.

మావాడు ఆ ముక్కలన్నీ కంపెనీకి పంపాడు. అక్కడెవరో ఒకమ్మాయి అవన్నీ విని, మొదటి గొంతుతో కలిపితే ఇవి సరిపోతాయనీ, ఇంకో గొంతు చేసిస్తామనీ జవాబిచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, మా భాష కూడా తెలియదు. మా పోట్లాటలన్నీ ఓపిగ్గా విందంటే ఆమెకి ఎన్ని దణ్ణాలు పెట్టాలి! విదేశీయులన్నందుకు వాళ్ళని తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను. ఈసారి రావాల్సింది వస్తువు కాదు కాబట్టి బండీ ఓడా అక్కర్లేదని మావాడు చెప్పాడు.

ఈలోగా కోడలు టాబ్లెట్ తీసుకుని ఉద్యోగానికి వెళ్ళింది. మైకు ముందు పెట్టి టైపు చేసి నొక్కితే, బస్టాండంతా పాత గొంతే. ప్రయాణికులకి ఏ తేడా తెలియలేదు. టీ కొట్టాయన మాత్రం, "సెలవుపెట్టి విశ్రాంతి తీసుకున్నట్టున్నావమ్మా, గొంతు తేటపడింది" అన్నాడట. ఆ సంగతి చెంచా కొట్టుకుంటూ, చేతులు తిప్పుకుంటూ నాకు చెప్పేసరికి ఇద్దరికీ కడుపు నొప్పులు పుట్టాయి.

ఆ తర్వాత ఒక ఉదయం మిషను మీద వంగి కాలరు కుడుతున్నాను. మిషను రొదలో ఇంకేం వినపడుతుంది?

"అత్తయ్యా!"

కాలు తొక్కుడు ఆగిపోయింది. వెనక నుంచి పిలుపు. విసుగూ చనువూ ఉన్న పిలుపు. తిరిగి చూస్తే గుమ్మంలో కోడలు, గుండెలకి టాబ్లెట్ ఆనించుకుని.

ఇక నా నోరు ఆగితేనా! ఆ డాక్టరుగారు చల్లగా ఉండాలన్నాను, మేనేజరుగారు చల్లగా ఉండాలన్నాను, కొరియరతను, విదేశంలో ఆ పిల్ల, నా దగ్గు, ఫ్లాస్కు మూత, అందరూ అన్నీ చల్లగా ఉండాలన్నాను. ఏడుస్తూనే అన్నాను, ముక్కు చీదుకుంటూ అన్నాను, ఒకసారి అన్నవాళ్ళనే మళ్ళీ అన్నాను. కోడలు కళ్ళు తుడుచుకుని టాబ్లెట్ మీద వేళ్ళు ఆడించింది.

"అత్తయ్యా, మీకు పుణ్యముంటుంది, కాసేపు నోరు మూసుకుంటారా!"

మూసుకున్నాను. ఎవరైనా నోరు మూసుకోమంటే అంత సంతోషంగా మూసుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.