రంగు గోకిన కుండ

నేను ఒక కుండను. ఇప్పుడు మెడ దాకా మట్టిలో ఉన్నాను. మూత తీసినప్పుడు గుండ్రంగా కాస్త ఆకాశం, తొంగిచూసే ఒక ముఖం కనిపిస్తాయి. మిగతాదంతా వినికిడే. కుండ ముందు మనుషులు ఏదీ దాచుకోరు కాబట్టి ఆ వినికిడికి మాత్రం నాకు లోటు లేదు.

నన్ను నీళ్ళకోసం చేయలేదు, పెళ్ళికోసం చేశారు. మా అనంతపురం వైపు పెళ్ళికి ముందు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి అరివేణి కుండలు తెచ్చుకుంటారు. సున్నం పూసి, ఎర్రజాజుతో గీతలు గీసి, పందిట్లో నిలబెడతారు. నాగరత్న పెళ్ళికి తెచ్చిన కుండల్లో నేనొకదాన్ని. అందరిలాగే నాకూ సున్నంతో సరిపోయేది. కానీ పెళ్ళికూతురి తమ్ముడు ఓబులేసు అప్పుడే లారీ బాడీలు కట్టే షెడ్డులో రంగులేసే పని నేర్చుకుంటున్నాడు. సున్నం పెళ్ళి ముగిసేలోపే రాలిపోతుందని, తన అక్క కుండ కలకాలం నిలవాలని షెడ్డులో మిగిలిన ఆకుపచ్చ ఆయిల్ పెయింటు తెచ్చి పూత మీద పూత వేశాడు. దాని మీద తామరపూలు. పూల నడుమ పసుపు అక్షరాల్లో నాగరత్న పేరు, పెళ్ళికొడుకు తిప్పేస్వామి పేరు. పందిట్లో తక్కిన కుండల పక్కన నేను ఎద్దుల బండ్ల మధ్య ఆగిన కొత్త లారీలా ఉన్నాను. కాలేజీలో చరిత్ర చెప్పే పెళ్ళికొడుకు నన్ను చూసి నవ్వు ఆపుకున్నాడు. పెళ్ళికూతురు ఆపుకోలేదు.

పెళ్ళయ్యాక నాగరత్న నన్ను గింజల కుండను చేసింది. అడుగున బూడిద, ఎండిన వేపాకు, వాటి మధ్య పుట్టింటి నుంచి తెచ్చిన పొట్లగింజలు. పొట్టిగా, తెల్లచారలతో కాసే రకం అది. ఆమె తల్లి పెంచింది, ఆ తల్లికి ఆమె అత్త ఇచ్చింది. ఊళ్ళో ఇప్పుడది ఎవరి పెరట్లోనూ లేదు. సంతలో దొరికే ప్యాకెట్ గింజలు మూరెడు మూరెడు కాయలు కాస్తుంటే ఈ పొట్టికాయల్ని ఎవరు పట్టించుకుంటారు? నాగరత్న మాత్రం ఏటా వేసేది, ఏటా ఒక కాయను గింజకు వదిలేది, ఆ గింజల్ని నాలో పోసేది. వాళ్ళు టౌను చివర లేఅవుటులో కట్టుకున్న ఇంటి వెనక నేల మట్టి కాదు, గరుసు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సున్నం పెళ్ళలు, ఇటుక ముక్కలు, కంకర. దాన్నే కూరగాయల తొక్కలతో, టీపొడితో, ఎండుటాకులతో ఆమె మెల్లగా నేలను చేసింది.

ఒక ఎండాకాలం ఆసుపత్రికి వెళ్ళిన ఆమె తిరిగి రాలేదు. ఇంటికి చాలామంది వచ్చారు, వెళ్ళారు. ఆ తర్వాత అటక మీద ఉన్న నాకు మూత తీసిన చప్పుడే లేదు. రెండు వానాకాలాలు, అలా అనడానికి వానలేవీ లేవనుకోండి, గింజ వేయకుండా గడిచిపోయాయి. లేఅవుటులో బోరుబావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి.

గింజ నాలోనే ముసలిదవుతోంది. మొలకెత్తే శక్తి గింజకు ఎల్లకాలం ఉండదు. ఆ సంగతి తిప్పేస్వామికి గుర్తుచేసింది ఓబులేసే. అక్క చేతి గింజ ఈ ఏడు మొలవకపోతే ఇక లేనట్టేనని, అమ్మ ఇంటి నుంచి మిగిలింది అదొక్కటేనని ఫోనులో అన్నాడట. తిప్పేస్వామి సరేనన్నాడు. ఆ రోజుల్లో ఆయన దేనికైనా సరేననేవాడు. దుఃఖం అనడానికి లేదు. మాట లోపలికి చేరేటప్పటికి చల్లారిపోయేది, అంతే.

నన్ను దించి బూడిదలో వెతికితే కొన్ని గింజలు పుచ్చిపోయాయి. మిగిలినవి నాటితే మూడు మొలిచాయి. ఎర్ర పెంకుపురుగులు వచ్చి లేత ఆకుల్ని జల్లెడ చేశాయి. నాలోని కాస్త బూడిద ఒక్కపూటకే అయిపోయింది, గ్యాసుపొయ్యి ఇంట్లో ఇంకెక్కడిది? ఆయన ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళి కాగితంలో బొగ్గుల బూడిద కట్టించుకొచ్చి పొద్దున్నే ఆకుల మీద చల్లాడు. ఒక్క మొక్క నిలిచింది. ఆ ఒక్కదానిలోనే ఆ వంశమంతా ఉంది.

నీళ్ళ సంగతేమిటని ఆలోచిస్తుంటే పేపర్లో ఒక వ్యాసం ఆయన కంటపడింది. మొక్క పక్కన మట్టికుండను పాతి నీళ్ళు నింపితే అది చెమర్చి వేళ్ళకు కొద్దికొద్దిగా తేమ ఇస్తుందట. ఇంట్లో ఉన్న కుండ నేనే. గింజలన్నీ నేలకు పోయాక ఖాళీగా ఉన్నాను. ఆయన గరుసును తవ్వి, అక్షరాలున్న వైపు మొక్కకు ఎదురుగా వచ్చేలా నన్ను దించి, చుట్టూ మట్టి కప్పి, నీళ్ళు నింపి మూతపెట్టాడు.

రోజూ పొద్దున మూత తీసేవాడు. నిన్నటి నీళ్ళు నిన్నటిలాగే ఉండేవి. ఎంత పొదుపు అనుకుని, తృప్తిగా మూతపెట్టేవాడు. నాకు నోరుంది గానీ మాట లేదు.

ఒక ఆదివారం ఓబులేసు వచ్చాడు. తల నెరిసింది, వేళ్ళ సందుల్లో రంగు మాత్రం పోలేదు. తిప్పేస్వామి మూత తీసి చూపించి, వారం కింద పోసిన నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయని, పేపర్లో రాసినదానికన్నా ఈ పద్ధతి బాగా పనిచేస్తోందని చెప్పాడు. ఓబులేసు నాలోకి తొంగిచూసి, తలవాల్చిన తీగ వైపు తిరిగాడు.

"ఇది పొదుపు గాదు బావా, పీనాసితనం. నీళ్ళన్నీ నీ కుండే దాసిపెట్టుకోనింది."

"నిదానంగా ఇస్తుందప్పా. అట్లే రాసినారు."

"ఎంత నిదానం? పాదు ఎండిపోయినాంకనా?"

తిప్పేస్వామి మోకాళ్ళ మీద కూర్చుని నా పక్కన మట్టిలో వేలు దూర్చాడు. లోపలంతా పొడి. నా మెడ దగ్గర మట్టిని పక్కకు నెట్టాడు. ఆకుపచ్చ మెరిసింది. ఇద్దరూ ఆ మెరుపును చూస్తూ ఉండిపోయారు. చదువుకున్నాయన పాతేటప్పుడు ఆలోచించలేదు, రంగులేసినాయన చూసేదాకా ఆలోచించలేదు. పెళ్ళి కుండ అంటే వాళ్ళకు పెళ్ళి గుర్తొచ్చింది గానీ కుండ గుర్తు రాలేదు.

"వాన పడితే లారీ చెక్కకు తేమ తగలగూడదని వేసే రంగు బావా అది" అన్నాడు ఓబులేసు మెల్లగా.

ముందు నాలోని నీళ్ళు చెంబుతో తోడి పాదుకు పోశారు. గరుసు ఒక్క గుటకలో తాగేసింది. సాయంత్రానికి మళ్ళీ పొడి నేలే. ఇలా రోజూ పోయాలంటే ట్యాంకరు నీళ్ళు చాలవు. కొత్త కుండ తెస్తానని ఓబులేసు స్కూటరు తీశాడు. బజారులో కుళాయి బిగించి, వార్నిషు పూసి, నెమళ్ళు గీసిన కుండలే ఉన్నాయట. లోకమంతా తన దారికే వచ్చిందని తనను తానే తిట్టుకుంటూ ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

మరునాడు నన్ను జాగ్రత్తగా పెకలించారు. అరుగు మీద పెట్టుకుని ఓబులేసు గరుకు కాగితంతో గోకడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ పోయింది, తామరపూలు పోయాయి. అక్షరాల దగ్గరికి వచ్చేటప్పటికి చెయ్యి ఆగింది.

"ఈడ నా చేత గాదు బావా. మా యక్క పేరు నేనే రాస్తి. ఇంతమటుకు ఉండనీ."

తిప్పేస్వామి కాగితం కోసం చెయ్యి చాపాడు.

"పాదు వైపు ఉండేది ఆ పక్కే ఓబులేసూ. ఆమె పేరు అడ్డం పడి ఆమె మొక్క ఎండిపోతే ఊరుకుంటుందా?"

ఓబులేసు కాగితం ఇచ్చాడు. "నీ పేరో?"

"దాన్నే ముందు గోకుతా."

గోకాడు. తన పేరును గబగబా గోకాడు. ఆమె పేరు దగ్గర ఒక్కో అక్షరానికి ఆగాడు. చేతి ఒత్తిడిలో మాత్రం తేడా లేదు. పసుపు పొడి పంచె మీద రాలింది. ఓబులేసు వీధి వైపు తిరిగి కూర్చుని, ఎండ ఎక్కువైందని అన్నాడు.

మళ్ళీ నన్ను గుంటలో దించి నింపారు. ఆ సాయంత్రానికి, పుట్టిన ఇన్నేళ్ళకు, నాకు చెమట పట్టింది. మరునాడు మూత తీసిన ముఖం నీళ్ళు తగ్గిన చోటుకేసి చూస్తూ ఉండిపోయింది. మరికొన్నాళ్ళకు ఒక వేరు సన్నగా వచ్చి నా ఒంటికి తగిలింది. వెతుక్కుంటూ వచ్చినట్టు కాదు, నేను ఇక్కడే ఉంటానని ముందే తెలిసినట్టు.

తీగ పందిరెక్కింది. చీకటి పడే వేళకు అంచులకు దారాలున్న తెల్లపూలు విచ్చుకునేవట. పిందెల్ని పండుఈగ కుట్టింది, చాలావరకు కుళ్ళి రాలిపోయాయి. నిలిచినవాటికి తిప్పేస్వామి పేపరు చుట్టి దారం కట్టాడు. అందులో ఒక కాయను కొయ్యకుండా వదిలాడు. అది ఎర్రబడి, అడుగు పగిలిన రోజున ఓబులేసుకు ఫోను చేశాడు. ఇద్దరూ ఎర్రగుజ్జులోంచి గింజలు వేరుచేసి, కడిగి, నీడన ఆరబెట్టారు. ఓబులేసు సగం పట్టుకెళ్ళాడు. ఒక్క ఇంట్లోనే ఉంటే ఒక్క కరువుకే పోతుందని, ఇంకా నాలుగిళ్ళకు పంచుతానని అన్నాడు. తిప్పేస్వామి సరేనన్నాడు.

తీగ ఎండిపోయింది, పందిరి విప్పేశారు. ఆయన మాత్రం ప్రతి పొద్దునా వచ్చి నాలో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఎవరికోసమని ఆలోచించినట్టు లేదు, పొద్దున లేవడానికి ఒక పని కావాలి, అంతే. తాగేవాళ్ళు లేరని నేనూ ఆగలేదు. చెమర్చడం ఒకసారి వచ్చాక ఆపడం కుండకు తెలియదు.

ఎవరూ విత్తకుండానే నా మెడ చుట్టూ గంగబాయిలాకు మొలిచింది. కలుపనుకుని ఆయన వంగి పీకబోయి, ఒక కొమ్మ తుంచి చూసి, లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చాడు. ఆకు కోసే చప్పుడు, తర్వాత వంటింట్లో పోపు చిటపటలు విన్నాను. ఆయన ఒక్కడే తింటున్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు, పక్కన ఎవరికో చెప్పినట్టు.

కాసేపటికి ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడైంది.