చల్లగా తగిలిన చోటు

ఆరోగ్యమేరి పదిహేడో సీసాను తూకం మీద పెట్టింది. అంకె నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసింది. మూత బిగించి, గుడ్డతో తుడిచి, పక్క బల్ల మీదికి జరిపింది. అక్కడ కూర్చునే నివేద ఆ సీసాను అరచేతంత ఫ్యూయల్ సెల్‌లోకి తోసి, వైరు కొసను ఒక పాత ఫోనుకు గుచ్చింది. కాసేపటికి తెర వెలిగింది. తుఫాను రోజుల్లో ఊరంతా కరెంటు పోయినా, ఆ సీసాలోని మిథనాల్‌తో ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు పనిచేస్తాయి. తిరువళ్లూరు శివార్లలోని ఆ రేకుల షెడ్డులో నాలుగేళ్లుగా ఆమె పని సీసాలు నింపడమే.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముక్కు మీద మాస్కు నొక్కిన గుర్తు ఆదివారం కూడా పోదు. రోజూ పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి వస్తుంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. మిథనాల్ ఉండే నీలం క్యానుకు మాత్రం ఎన్నడూ వీపు చూపించి నిలబడదు.

తొమ్మిదేళ్ల కిందట ఆమె తమ్ముడు ఆరోగ్యస్వామి ఎవరో అమ్మిన సారా ప్యాకెట్టు తాగి వచ్చి పడుకున్నాడు. మర్నాడు పట్టపగలు, "అక్కా, లైటెయ్యి. ఏమీ కనబడలే" అన్నాడు. మూడో నాటికి పోయాడు. సారాలో మిథనాల్ కలిసిందని డాక్టరు చెప్పాడు. పనిలో చేరిన రోజు క్యాను మీద అదే పేరు చూసి ఆమె వాకిలి దాకా వెనక్కి నడిచింది. మరెక్కడా పని దొరకదని తెలిసి, తిరిగి లోపలికొచ్చింది. ఆనాటినుంచీ ఇంట్లో దూరిన పామును కనిపెట్టుకున్నట్టు దాన్ని కనిపెట్టుకునే ఉంది.

పదకొండింటికి సూపర్‌వైజర్ శశికుమార్ వచ్చి క్యాను ఎత్తి చూశాడు.

"మళ్లా తగ్గింది. ఈ వారంలో ఇది మూడోసారి. యాడికి పోతాండాది మా?"

"పోయిన వారమే చెప్పినాను సార్. పైపు కాడ వాషర్ ఉబ్బింది, కారతాండాది అని."

"కారితే తడి ఉండాల గదా. యాడుంది తడి?" బల్ల కింద బూటుతో నేలను రాసి చూపించాడు. షెడ్డులో అందరి చేతులూ ఆగాయి. "మీ తమ్ముడు దీన్ని తాగే గదా పోయినాడు? అలవాటైన ఇల్లు. ఇప్పుడెవరికి మోస్తాండావో!"

చేతిలోని సీసాను అతని మొహాన కొట్టాలనిపించింది ఆమెకు. మెల్లగా దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇట్ల రాండి సార్. ఈ జాయింటు కింద వేలు పెట్టండి."

"నాకు పన్లేదా?"

"పెట్టండి."

ఆ గొంతు విని అతను వంగి వేలు పెట్టాడు. తడి తగల్లేదు. మంచుముక్క ఆనినట్టు చల్లదనం తగిలింది. కారిన చుక్క కారినట్టే ఆవిరైపోతోంది. అతను వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సరి మా, వాషర్ మార్పిస్తా. సీక్రం పని చూడు."

"అందరి ముందర అన్నారు. తప్పని అందరి ముందరే చెప్పండి."

"ఎన్న మా, ఏందిది, కోర్టు మాదిరి మాట్లాడతావు!" అని నవ్వి, ఫోను చూసుకుంటూ తిరిగాడు.

"నిలబడు" అంది ఆరోగ్యమేరి. అతనితో ఏకవచనంలో మాట్లాడడం నాలుగేళ్లలో అదే మొదలు. "మా తమ్ముడు తెలీక తాగినాడు. నువ్వు తెలిసే అన్నావు."

శశికుమార్ నవ్వు ఆగింది. ఫోను జేబులో వేసుకుని నీలం క్యాను వైపు చూశాడు. నివేద తల వంచుకుని వైరును వేలికి చుట్టుకుంటోంది. ఇంకెవరూ కదల్లేదు. అతను తప్పని చెబుతాడేమోనని ఆరోగ్యమేరి చూసింది. సగం నిండిన సీసాను నింపి, తూచి, మూత బిగించింది.

"వాషర్ మార్చేదాకా ఫ్యాను ఆపొద్దు పాప, ఆ ఆవిరి పీల్చగూడదు" అని నివేదకు చెప్పి, సంచీ తీసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర కాపలావాడు ఆపకముందే తానే సంచీ బోర్లించింది. ఖాళీ టిఫిను డబ్బా, ఒక జపమాల రాలాయి. వాటిని ఏరుకుని, అతని వైపు చూడకుండా రోడ్డెక్కింది.

స్టేషనులో బల్ల మీద కూర్చున్నాక గానీ తన కాళ్లకు కంపెనీ తెల్ల బూట్లే ఉన్నాయని గమనించలేదు. రైలుకు ఇంకా అరగంట ఉంది. తన చెప్పుల కోసం వెనక్కి పోలేదు. బండి రాగానే ఎక్కి కూర్చుంది.

షెడ్డు వాకిలి పక్క అరలో ఆమె రబ్బరు చెప్పులు, తెగిన ఎడమ పట్టీకి చుట్టిన ఎర్ర వైరుతో, మడమలు నొక్కిన గుంతలతో, బయటి వైపుకే తిరిగి ఉన్నాయి.