మంగళవారం టికెట్

“ఆరు నూర్లు. ఉత్త ఆరు నూర్ల కాడ నా నోరు మూయించినవు,” అంది రోజారాణి, కందిపప్పు చేటను పక్కకు నెట్టి.

పొద్దున్నుంచి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. ఆమె భర్త పరమేష్ విమానం టికెట్ కాగితాన్ని టీవీ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద రిమోట్ పెట్టాడు.

“మంగళారమంటె మా అమ్మ గింత లొల్లి జేస్తదని నాకేం ఎరుక? గారోజు అన్నిట్లకన్న సస్తా ఉండె. తీసిన.”

“సస్తా దాన్ల తారీఖు మారిస్తె వెయ్యి గుంజుతరని గప్పుడే చెప్పిన. ఇంకో కంపెనీదైతె ఆరు నూర్లెక్కువ, గని ఒకపారి పైస తీసుకోకుండ ఊకెనే మారుస్తరు. నవ్వినవు. బంబయికి పోయేదానివి, లండన్‌కా అన్నవు.”

“గిప్పుడు ఎవరు మార్చుమంటున్నరు నిన్ను?”

“నేనంటున్న,” అంది ఐలమ్మ, గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ. “మంగళారం ఇంటి కోడలు గడప దాటితె నా ఇంటికి మంచిది గాదు. గురువారం పో. ఎవరొద్దన్నరు?”

“బుధవారం పొద్దుగాల ఆపరేషన్ అత్తమ్మా. గురువారం పోయి ఏం జెయ్యాలె? కుట్లు లెక్కవెట్టాల్నా?”

బొంబాయిలో ఆమె చెల్లెలు దుర్గాబాయికి గర్భసంచి తీసేస్తున్నారు. మరిది మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి, లోపలికి తీసుకుపోయేముందు చెయ్యి పట్టుకోవడానికి అక్క తప్ప ఎవరూ లేరు. “నువ్వొస్తవు గద అక్కా?” అని ఫోన్లో మూడుసార్లు అడిగింది.

“నీ కొడుకు మంగళారం ఢిల్లీ పోంగ ఏం జేసినవు?” రోజారాణి అత్త వైపు తిరిగింది. “ఆదివారమే ఆయన బ్యాగు తీస్కపోయి సుక్కమ్మ ఇంట్ల పెట్టినవు. ప్రస్థానమయింది, మంచిరోజే బయలెల్లినట్టు, ఇగ ఎప్పుడన్న పోవచ్చంటివి. నా బ్యాగు గూడ పెట్టు.”

“వాడు నౌకరి పనికి పోయిండు. నువ్వు మీ చెల్లెకు గంజి కాయనీకి పోతున్నవు. గది గిది ఒక్కటేనా?”

మామ సోమయ్య పేపర్ తిప్పాడు. ఈ ఇంట్లో ఆడవాళ్ల మాటల మధ్య ఆయనెప్పుడూ పేపరే తిప్పుతాడు.

మధ్యాహ్నం పరమేష్ బండి తీసుకుని సుచిత్ర చౌరస్తాలోని టికెట్ల షాపు దాకా వెళ్లి వచ్చాడు. కొత్త కాగితం ఒకటి ఆమె ముందు పడేశాడు.

“గురువారానికి మార్పిచ్చిన. ఇగ లొల్లి బంద్.”

రోజారాణి కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తారీఖు మార్పుకు వెయ్యి. రేటులో తేడా నాలుగు వందల యాభై.

“ఆరు నూర్లు పెట్టని చెయ్యి పద్నాలుగు నూర్ల యాభై పెట్టిందా?”

“మా అమ్మ కోసం పెట్టిన.”

“తెలుస్తాంది,” అంది.

సోమవారం పొద్దున ఆమె బీరువా మీది బ్యాగు దించి, చీరలు సర్ది, పసుపు కుంకుమ పొట్లం పైన పెట్టి, సందు చివర సుక్కమ్మ ఇంటికి మోసుకుపోయింది. “మీ అత్తేది?” అంది సుక్కమ్మ వాకిట్లోకి తొంగిచూస్తూ. “నేనే తెచ్చిన,” అని దేవుని గూటి కింద పెట్టి, అటు నుంచే బస్సెక్కింది. స్కూలు యూనిఫారాలు కుట్టిన డబ్బు జాకెట్‌లో ఉంది.

టికెట్ల షాపులో వీరభద్రం ఆమెను చూడగానే చేతులెత్తేశాడు.

“నిన్న మార్చొద్దనే చెప్పిన అక్కా, మీ ఆయన ఇంటేనా? మళ్ల రేపటికి తేవాలంటె ఇంకో వెయ్యి. దానిమీద రేటు ఫరక్ రెండు వేల పైన.”

“గా ఆరు నూర్లెక్కువ కంపెనీల?”

అతను కంప్యూటర్ మీద టకటకా కొట్టాడు. “కొత్తగ తీసుకుంటె మూడు వేల ఒక వంద. ఒకపారి మార్చుకోవచ్చు. కొంచెం నయం. గని ఒక సంగతి. మీ ఆయన తీసినదాన్ల గురువారం ఎక్కకుంటె, వాపస్ వచ్చే తిరుగుడు టికెట్ గూడ రద్దయితది. గదిగూడ కొత్తది తీయాల్నా?”

రోజారాణి జాకెట్‌లోంచి డబ్బు తీసి, పోయేదానికి మూడు వేల ఒక వంద లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

“తియ్యకు,” అంది.

సాయంత్రం అందరికీ చాయ పోసి గ్లాసులు ముందు పెట్టింది. ఐలమ్మ బీరువా మీదికి చూసింది. “బ్యాగేదే?”

“సుక్కమ్మ ఇంట్ల ఉన్నది. పొద్దుగాలనే బయలెల్లిన అత్తమ్మా. రేపు పదకొండింటికి విమానం.”

పరమేష్ గ్లాసు కింద పెట్టాడు. “ఏందీ? ఏ టికెట్ మీద? నేను తీసింది గురువారానిది!”

“గది నీ దగ్గరనే ఉండనీ. నా పైసలతోని వేరేది తీసుకున్న.”

“గురువారం ఎక్కకుంటె నీ తిరుగుడు టికెట్ గూడ పోతది, ఎరుకేనా? అప్పుడెట్లొస్తవో సూస్త.”

“ఎరుకే. వీరభద్రం చెప్పిండు.”

ఐలమ్మ ఏదో అనబోయింది. సోమయ్య పేపర్ మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“మల్ల ఎప్పుడొస్తవు బిడ్డా?”

“తిరుగుడు టికెట్ తీసుకోలే మామా,” అంది రోజారాణి, గొంతు పెంచకుండా. “మా చెల్లె లేచి తిరిగినంక సూస్త.”