కంట్లో గాలిబుడగ

ఆ ఇంటి తోటికోడళ్ళిద్దరిలో కొండల పిచ్చి పెద్దామెది. చిన్నామె తోడుకని బయల్దేరింది, అంతే.

పెద్దకోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. రోజంతా చిన్న బల్ల మీద వంగి, ఆవగింజంత మరలు బిగించే పని. అందుకేనేమో, దూరంగా, ఎత్తుగా ఉండేవంటే ఆమెకు ప్రాణం. గైడు వెంట ఉంటే మామూలు మనుషులు కూడా ఎక్కగలిగే శిఖరాలు హిమాలయాల్లో కొన్ని ఉన్నాయి. ట్రెక్కింగ్ పీక్స్ అంటారు. వాటిలో ఒకదాని ఫొటో ఏళ్ళ తరబడి ఆమె ఫోను తెరమీద ఉంది. పిల్లలు కాస్త ఎదగనీ అనుకుంది, ఎదిగారు. మామగారి ఆరోగ్యం కుదుటపడనీ అనుకుంది, పడింది. ఇక సాకులు మిగల్లేదని ఒకరోజు ఊళ్ళోనే ఉండే ఒక గైడుకు ఫోను చేసేసింది.

"ఒక్కదానివే అంత దూరమా?" అన్నాడు భర్త.

చిన్నకోడలు బడిలో సంగీతం చెబుతుంది. "నేనొస్తాలెండి బావగారూ. ఆ వంకనైనా ఒళ్ళు తగ్గుతుంది" అంది.

అత్తగారు మాత్రం బుగ్గలు నొక్కుకుంది. "దీపాలు కొండెక్కడం విన్నాను గానీ, కోడళ్ళు కొండెక్కడం ఎక్కడా వినలేదమ్మా!"

భుజాన సంచుల్లో నీళ్ళ డబ్బాలు వేసుకుని ఇద్దరూ రోజూ తెల్లారే అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగేవారు. "లిఫ్టు పాడైందా?" అని ఎదురుపడిన ప్రతివాళ్ళూ అడిగేవారు. మొదట్లో చిన్నకోడలు నాలుగో అంతస్తులోనే చతికిలబడిపోయేది.

"అక్కా, నన్నిక్కడే వదిలెయ్. దిగేటప్పుడు ఏరుకుపో."

"లే తల్లీ, లే. అక్కడ నిన్ను ఏరుకోడానికి ఎవరూ ఉండరు."

ఒక ఆదివారం గైడు వచ్చి, ఊరి చివర బండరాళ్ళ మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్పాడు. జుమార్ అనే పిడిని తాడుకు తగిలిస్తే అది పైకి జరుగుతుందే తప్ప కిందికి జారదు. తాడులో ముడి అడ్డొస్తే, దాన్ని విప్పి ముడి దాటించేముందు నడుముకున్న రెండో కొక్కెం తగిలించుకోవాలి. పెద్దకోడలికి ఒక్క పూటలో చెయ్యి తిరిగింది. చిన్నకోడలు తాడుకూ తనకూ కలిపి చిక్కుముడి వేసుకుంది.

"పైకెళ్ళాక ఏం కనిపిస్తుందంటావే?" అని తిరిగొచ్చే దారిలో పెద్దకోడలు అడిగింది.

"ఏముంటుందక్కా, దాని వెనక ఇంకో కొండ."

"అదే చూడాలి నాకు" అంది పెద్దకోడలు. ఆ గొంతులో ఉన్నదేమిటో చిన్నకోడలికి అర్థం కాలేదు గానీ, ఆ తర్వాత మెట్ల మీద చతికిలబడటం మానేసింది.

ప్రయాణం నెల రోజుల్లోకి వచ్చింది. దుకాణంలో ఒక కళ్ళజోడు సరిచేస్తుండగా పెద్దకోడలి కుడికంట్లో నల్లటి నలుసులు రాలాయి. తర్వాత ఒక మూల నుంచి పరదా దిగినట్టు చీకటి పడింది. కళ్ళ సంగతి తెలిసిన మనిషి కాబట్టి చేతిలోది అక్కడే పెట్టి ఆసుపత్రికి పరుగెత్తింది. కంటి వెనక పొర ఊడింది. మర్నాడే ఆపరేషన్ చేశారు.

"పొర అతుక్కోడానికి కంట్లో గ్యాస్ నింపాం" అంది డాక్టరమ్మ. "అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తులకు వెళ్ళకూడదు. పైకి వెళ్ళేకొద్దీ ఆ బుడగ ఉబ్బుతుంది. చూపే పోవచ్చు."

వారం పాటు బోర్లా పడుకోమన్నారు. మంచం అంచు దాటి తల బయటికి వేలాడేసుకుని, నేలను చూస్తూ పడుకుంది పెద్దకోడలు. ఆమెతో మాట్లాడాలంటే చిన్నకోడలు మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకోవలసి వచ్చేది.

"నేనూ మానేస్తానక్కా. నువ్వు లేని కొండ నాకెందుకు?"

పైనుంచి ఒక చుక్క చిన్నకోడలి నుదుటి మీద పడింది.

"నీకు కొండ వద్దు. నిజమే" అంది పెద్దకోడలు. "నాకు కావాలి. కానీ పోలేను. నువ్వు పోగలవు. పోగలిగిన మనిషి నా కళ్ళముందు ఊరికే కూర్చుంటే నేను తట్టుకోలేనే."

ఆ సాయంత్రమే చిన్నకోడలు మంచం కోడుకు తాడు కట్టింది. చేతులకు దళసరి తొడుగులు వేసుకుని, నేల మీద వెల్లకిలా పడుకునే తాడు మీద జుమార్ జరుపుతూ సాధన చేసింది. తాడుకు ముడి వచ్చిన చోటల్లా పైనుంచి కేక వచ్చేది.

"ఆగు! రెండో కొక్కెం ముడి అవతల తగిలించావా?"

"తగిలించా."

"ఇప్పుడు జుమార్ విప్పు. ముందు విప్పావంటే పోతావ్."

"మంచం కింద పడి ఎక్కడికి పోతానక్కా!"

అంతా బాగానే నవ్వుకున్నారు. బయల్దేరే రోజు గుమ్మం దగ్గర చిన్నకోడలి సంచి పట్టీ సరిచేస్తున్న పెద్దకోడలు మాత్రం, పని అయిపోయినా చెయ్యి తియ్యలేకపోయింది.

తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. కంట్లో బుడగ తగ్గుతూ వచ్చింది. చూపు కింది భాగంలో నీటి గీతలా, నడిచినప్పుడల్లా తొణికేది. ఇంటిపనుల మధ్య ఆమె ఆగి, ఇప్పుడు మంచు మీద నడుస్తూ ఉంటుంది, ఇప్పుడు గుడారంలో కాళ్ళు ముడుచుకుని ఉంటుంది అనుకునేది. చిన్నకోడలి స్థానంలో తననే చూసుకుంటున్నానని గ్రహించి ఉలిక్కిపడేది.

మళ్ళీ పనిలోకి వెళ్ళాక ఒకరోజు, దుకాణంలో ఒక పెద్దాయన ఫ్రేము ఎంచుకుంటుండగా ఫోనులో ఒకే ఒక్క మాట వచ్చింది: "ఎక్కానక్కా." అద్దం ఆయన చేతికిచ్చి ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. సంతోషం నిజంగానే వచ్చింది. దాని వెంబడి ఇంకోటి కూడా వచ్చింది. రెండూ సర్దుకునేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

చిన్నకోడలు ముక్కు తోలు ఊడిపోయి, పెదాలు పగిలి ఇల్లు చేరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ చుట్టూ చేరారు. ఫొటోలు చూశారు, అత్తగారు ముక్కుకు వెన్న రాసింది, ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. పెద్దకోడలు ఒక్కతే కదల్లేదు.

"ఫొటోలొద్దు. నువ్వు చెప్పు. చివరి తాడు దాటాక?"

"దాటాక సన్నటి అంచు అక్కా. రెండు పక్కలా ఏమీ లేదు. గాలి ఒక్కసారి ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినపడింది. అప్పుడు తలెత్తి అవతలికి చూస్తే..."

"చూస్తే?"

చిన్నకోడలు సోఫా చేతి మీద తల వాల్చి నిద్రపోయింది.

పెద్దకోడలు లేపడానికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. దుప్పటి తెచ్చి కప్పింది. ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆమె కళ్ళు తెరిచేదాకా అక్కడే కూర్చుంది.