ఎవరూ తాగని కషాయాలు

మా ఆఫీసులో అందరూ నన్ను వైద్యుడుగారు అంటారు. నాకు వైద్యంలో ఓనమాలు కూడా రావు. కత్తులూ రాక్షసులూ ఉండే వీడియో గేములో కథానాయకుడు తాగే మంత్రకషాయాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఏ ఆకుతో ఏ వేరు కలిపితే బలమొస్తుంది, ఏది తాగితే మనిషి మాయమవుతాడు, అన్నీ నేనే రాయాలి. రెండేళ్లలో మూడు వందల పన్నెండు రాశాను. "ఇంట్లో జ్వరం మాత్ర ఎక్కడుందో తెలీదు గానీ, లేని రోగాలకి మందులు మాత్రం బ్రహ్మాండంగా చేస్తారు" అని మా ఆవిడ దెప్పుతుంది. దెప్పనీండి. వాటిలో ఒక్కటి కూడా ఆషామాషీగా రాసింది కాదు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వాటిని ఎవరూ తాగడం లేదు.

బయటినుంచి ఏడుగురిని పిలిచి గేము ఆడించాం. గుట్టలెక్కి ఆకులు కోశారు. పొయ్యి ముందు కూర్చుని ఓపిగ్గా కాచారు. సీసాల్లో పోసి సంచిలో దాచుకున్నారు. ఆ సంచి వీపున ఉండగానే చచ్చారు, ఏడుగురికి ఏడుగురూ. ఎందుకు తాగలేదంటే "ముందు ముందు పనికొస్తుందని" అన్నారు. ముందు ముందు అంటే ఎప్పుడయ్యా, ప్రాణం పోయాకా? నాకు ఒళ్లు మండిపోయింది.

మా మేడమ్‌కి మండలేదు. ఆఫీసు మొత్తానికి పెద్ద ఆవిడే. "ఎవరూ వాడనిదాన్ని మోయడం ఎందుకు? తీసేద్దాం" అన్నారు చల్లగా.

"ఆట చేతకాని వాళ్లని తెచ్చారు మేడమ్. అదే నేనైతే ఇరవై సీసాలు గటగటా తాగేస్తాను."

"సరే, రేపు పొద్దున అందరి ముందూ ఆడి చూపించు. నీ కషాయాలతో గుహలో రాక్షసుణ్ణి చంపితే ఉంచుదాం. లేదా, అన్నీ తీసేద్దాం."

రెండేళ్ల కష్టం ఒక్క ఆట మీదికి వచ్చింది. అయినా నాకు బెంగలేదు. ఆ రాక్షసుణ్ణి నా కంప్యూటర్‌లో కొన్ని వందలసార్లు మట్టి కరిపించాను.

పొద్దున కూర్చోబోతుంటే, గేములో తప్పులు పట్టే అమ్మాయి చిన్నగా హెచ్చరించింది. "అన్నా, ఇది మీ కంప్యూటర్‌లో ఉన్న గేము కాపీ కాదు. అందరూ ఆడేది. ఇందులో సంచి ఖాళీ అవుద్ది."

నిజమే. పని త్వరగా తెములుతుందని మొదటి వారంలోనే నా కాపీలో సంచిని అక్షయపాత్ర చేసి పెట్టుకున్నాను. ఎంత తాగినా తరగదు. ఈ రెండేళ్లలో నేను ఒక్క ఆకు కోసిన పాపాన పోలేదు. "దానికేముందమ్మా" అని ఆట మొదలుపెట్టాను.

పోయే ప్రాణాన్ని నిలబెట్టే వెన్నెలపువ్వు దొరకడానికి అరగంట పట్టింది. లోకం మొత్తం మీద మూడుచోట్లే పూయాలని రూలు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఆ ఒక్క పువ్వుతో ఒక్క సీసా, మిగతా ఆకులతో ఇంకో నలభై సీసాలు కాచాను. దారిలో తోడేళ్లు పడి సగం ప్రాణం తీశాయి.

"తాగండన్నా" అంది ఆ అమ్మాయి.

"తోడేళ్లకి వెన్నెలపువ్వా? మతుండే మాట్లాడుతున్నావా?"

వంతెన మీద దొంగలు వచ్చారు. దొంగలకి కూడా ఎక్కువే అనిపించింది. ఏ ఆకు ఎంత అరుదో నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కుంటుకుంటూ గుహ చేరాను. ప్రాణం కొసన ఉంది, సంచిలో నలభై ఒక్క సీసాలున్నాయి. నిజం చెప్పాలంటే, ఆ నిండు సంచిని చూసుకుని తెగ మురిసిపోయాను.

రాక్షసుడు లేచాడు. సంచి తెరిచాను. మంటకి విరుగుడు తాగుదామంటే, వాడు మంచు విసిరితే? బలం సీసాలు రెండే ఉన్నాయి. వెన్నెలపువ్వుది తాగుదామంటే, వాడు చచ్చి మళ్లీ రెండో రూపంలో లేస్తాడని నాకు తెలుసు. అప్పటికి ఉంచుదామనుకున్నాను. మొదటి రూపమే ఒక్క దెబ్బతో నన్ను చంపేసింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మేడమ్ తెర మీద సంచి వైపు చూశారు. "చివరికి నువ్వు కూడా తాగలేదు కదయ్యా."

"ఇంకొక్కసారి ఆడనివ్వండి మేడమ్. ఈసారి తప్పకుండా తాగుతాను."

"నువ్వు తాగుతావు. ఆడేవాళ్ల పక్కన కూర్చుని తాగండి తాగండి అని ఎవరు చెప్తారు?"

తీసేసే పని కూడా నాకే అప్పగించారు. రెండేళ్లు కట్టినదాన్ని తీయడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నా కాపీలోంచి కూడా పోయాయి. పొద్దున ఆడిన కంప్యూటర్‌లో మాత్రం, గుహలోకి వెళ్లబోయే ముందు సేవ్ చేసిన ఆట అలాగే ఉంది. సాయంత్రానికి అదీ పోతుంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక దాని ముందు కూర్చున్నాను. నా మనిషిని శత్రువన్నవాడు లేని గడ్డిమైదానానికి నడిపించి, ఒక్కొక్క సీసా తాగించాను. జుట్టు పచ్చగా వెలిగింది. పాదాలు నేల విడిచాయి. బండరాయి దూదిలా చేతికొచ్చింది. మనిషి మాయమై, నీడ ఒక్కటే నడిచింది. చివరగా వెన్నెలపువ్వుది తాగించాను. మైదానమంతా తెల్లబడి, గడ్డిపోచలు సన్నగా మోగాయి. ఇవన్నీ నేను వందలసార్లు చూసినవే. కానీ నా చేత్తో కోసి, నేను కాచింది తాగడం అదే మొదటిసారి. ఎంత బాగుందంటే, సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

వెనక ఆ అమ్మాయి కాఫీ కప్పుతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"అన్నా, ఇవన్నీ మన గేములోవేనా?"

"మనవే. నువ్వు రెండేళ్లు నా పక్కనే కూర్చున్నావు కదమ్మా!"

"సీసా సంచిలో పడుతుందా లేదా చూడటం వరకే నా పని. ఇంటి దగ్గర ఆడినప్పుడు నేనూ దాచుకునేదాన్ని." కప్పు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ తెల్లటిది ఇంకొక్కసారి చూపించరా?"

సంచి తెరిచాను. అందులో ఒక్క సీసా కూడా లేదు.