మూత తీయకూడని గిన్నె

ఆ గురువారం పొద్దున్న మా మరదలు, అంటే తమ్ముడి భార్య, తలుపు కొట్టేసరికి ఆమె ఎడమ చెవి వెనక రక్తం గడ్డకట్టి, జుట్టు దానికి అతుక్కుపోయి ఉంది. కింది పెదవి చీలింది. మా తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. నట్లు విప్పే స్పానర్‌తో కొట్టాడట. నేను గోరువెచ్చని నీళ్ళతో తుడుస్తుంటే నా మోకాలు గట్టిగా పట్టుకుంది కానీ ఏడవలేదు.

"పెదవికి కుట్లు పడతాయేమో," అన్నాను.

"నేనే వేసుకుంటాలే వదినా, మిషను ఉందిగా," అంది. ఆమె బట్టలు కుడుతుంది. ఆ స్థితిలో కూడా వేళాకోళం మానలేదు. నా చేతిలోని తడిగుడ్డ పక్కకి తోసి, "ఈసారి మాత్రం నన్ను వెనక్కి పంపకు. పంపితే చంపేస్తాడు. ఊరికే అనడం లేదు," అంది.

అంతకు ముందు రెండుసార్లు పంపింది నేనే. ఓర్చుకో, దేవుడు చూస్తున్నాడు, వాడి మనసు మారుస్తాడు అని చెప్పి, తల దువ్వి, దగ్గరుండి దింపి వచ్చాను. మొదటిసారి వెళ్ళిన నెలలోపే చెయ్యి విరిచాడు. రెండోసారి వెళ్ళాక కడుపులో ఉన్నది పోయింది. నేను మాత్రం రెండు పూటలా ప్రార్థన మానలేదు.

మావారు స్కూలు వ్యాను నడుపుతారు. సాయంత్రం పిల్లలందరినీ దింపి అయిదింటికి ఇంటికి వస్తానని, అదే వ్యానులో ఆమెను వాళ్ళ పిన్ని ఊరు చేరుస్తానని చెప్పి వెళ్ళారు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "అయిదు దాకా ఆ అమ్మాయి ఇక్కడున్నట్టు నీ నోటి నుంచి రాకూడదు. తమ్ముడనగానే కరిగిపోతావు నువ్వు," అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఖాళీగా కూర్చుంటే ఇద్దరి చూపూ వీధి తలుపు మీదికే పోతోంది. బల్ల కింద మూడు కిలోల టమాటాలు మెత్తబడిపోయి ఉన్నాయి. గంటల తరబడి మెల్లగా ఉడికించే కరెంటు స్లో కుక్కర్‌లో సాస్ పెడదామన్నాను. తొమ్మిదింటికి సన్న వేడి మీద పెడితే ఎనిమిది గంటలు. సరిగ్గా వ్యాను వచ్చే వేళకి అవుతుంది, ఒక సీసాలో పోసి పిన్నికి పంపవచ్చు. కాయలు నాలుగేసి ముక్కలు చేసి, తొడిమ దగ్గరి గట్టి భాగం తీసి పింగాణీ గిన్నెలో వేశాం. సగం ఉల్లిపాయ, నాలుగు చెంచాల నూనె, ఉప్పు. నీళ్ళు పోయకూడదు, కాయలో ఉన్న నీళ్ళే చాలు.

నేను ప్రార్థన చేసుకుని వచ్చేసరికి ఆమె మూత పెట్టేసి, మీట తిప్పేసింది. "పంచదార వేశావా?" అన్నాను. పులుపు విరగడానికి నేను చెంచాడు పంచదార వేస్తాను. "క్యారెట్ వేశాను," అంది. అది ఆమె పద్ధతి. చెక్కు తీసిన క్యారెట్‌ను కోయకుండా అలాగే వేసి, అంతా అయ్యాక తీసి పారేస్తుంది. మా ఇళ్ళలో ఇంకెవరూ అలా చెయ్యరు. సరేలే అనుకున్నాను.

ఇక మూత తీయకూడదు. తీస్తే లోపలి వేడంతా పోయి వంట అరగంట వెనకబడుతుంది. ఈ మాట చెప్పి చెప్పి ఇంటిల్లిపాదినీ విసిగించాను. కాసేపటికి గాజు మూత లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడకుండా పోయింది.

మూడింటికి మా తమ్ముడు వచ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే ఆమె స్టోరు గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

"అక్కా, అది ఇక్కడికి వచ్చిందా?"

"రాలేదు."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. కుడిచేతి వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది. వాణ్ణి కని మా అమ్మ పోయింది. అప్పటికి నాకు పదేళ్ళు. చంకన వేసుకుని పెంచాను. ఆ చేతిలో ముల్లు గుచ్చుకుంటే సూదితో తీసిన రోజు గుర్తొచ్చింది. మంచినీళ్ళిస్తే తాగి, "దేవుడి మీద ఒట్టేసి చెప్పు. నువ్వు ఒట్టేస్తే నమ్ముతా. నువ్వు అబద్ధమాడవు," అన్నాడు.

ఒట్టేశాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి అబద్ధపు ఒట్టు. వాడు నమ్మాడు, లేచాడు. వంటగది ముందు నుంచి పోతూ ఆగాడు.

"సాస్ చేస్తున్నావా? పొద్దున్నించి ఏం తినలేదక్కా."

"ఇంకా రెండు గంటలు పడుతుంది. మూత తీయకు."

"నీ మూత గోల నీది," అని నవ్వి తీశాడు.

ఆవిరి విడిపోయింది. ఎర్రగా ఉడుకుతున్న గుజ్జు మధ్యలో క్యారెట్ తేలుతోంది. వాడు గరిటెతో దాన్ని పైకెత్తి చాలాసేపు చూశాడు.

"నువ్వు పంచదార కదక్కా వేసేది," అన్నాడు మెల్లగా.

ఆ మాట పూర్తవుతూనే మూత నా నుదుటి మీద పగిలింది. కంట్లోకి రక్తం కారింది. వాడు నా ఎడమ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి గిన్నె అంచుకి అదిమి పెట్టాడు. "ఎక్కడ దాచావు?" అంటూ అదుముతున్నాడు. చర్మం కాలిన వాసన నాకే తెలిసింది. చెప్పలేదు. చిటికెన వేలు వెనక్కి విరిచాడు. అది పుల్లలా చప్పుడు చేసింది. అప్పుడు అరిచాను.

ఆ అరుపుకే స్టోరు గది తలుపు తెరుచుకుంది. "ఆవిణ్ణొదులు. నీకు కావలసింది నేనేగా," అంది మా మరదలు.

వాడు నన్ను వదిలి ఆమె జుట్టు పట్టుకున్నాడు. తలుపు చెక్కకేసి ముఖం కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆమె పన్ను ఒకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. ఆమె మోకాళ్ళ మీద కూలిపోతే, వాడు ప్యాంటు జేబులోంచి స్పానర్ తీసి పైకెత్తాడు.

ప్లగ్గు ఎప్పుడు లాగానో తెలియదు. మసిగుడ్డ ఉందో లేదో కూడా చూసుకోలేదు. గిన్నె రెండు చేతులా ఎత్తి వాడి మెడ మీద, వీపు మీద మొత్తం కుమ్మరించాను. ఆరు గంటలు ఉడికిన సాస్ నీళ్ళలా జారిపోదు. అంటుకుంటుంది. వాడు చొక్కా లాక్కుంటూ "అక్కా, అక్కా" అని అరిచాడు. చిన్నప్పుడు పడినప్పుడు అరిచినట్టే అరిచాడు. నేను ఖాళీ గిన్నెతో వాడి భుజం మీద మళ్ళీ కొట్టాను. గిన్నె రెండయింది. వాడు జారి బోర్లా పడ్డాడు.

ఆమె స్పానర్ అందుకుని వాడి కుడిచెయ్యి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది. నేను వద్దనలేదు. ఇంకోసారి ఎత్తింది. అప్పుడూ నేను వద్దనలేదు. తనే ఆగి, స్పానర్‌ను సింకులో పడేసింది.

తరువాత బకెట్టుతో వాడి మీద చల్లటి నీళ్ళు పోశాను. చాలాసేపు పోస్తూనే ఉన్నాను.

పైవాటా వాళ్ళు పోలీసులను పిలిచారు, అంబులెన్సునూ పిలిచారు. మావారు అయిదింటికి వచ్చి, అలవాటు చొప్పున గుమ్మంలో చెప్పులు విడిచి, నేల చూసి మళ్ళీ తొడుక్కున్నారు. పోలీసు ఒకాయన నేల మీద వంగి, "ఇందులో రక్తం ఏది, వంట ఏది అమ్మా?" అని అడిగాడు. నాకూ తెలియలేదు. "ఎవరు పోశారు?" అంటే మాత్రం తడుముకోకుండా నేనే అన్నాను.

ఆసుపత్రిలో కట్లు కట్టించాక ఆ రాత్రే ఆమె పిన్ని ఊరు చేరింది. తమ్ముడు బతికాడు. మెడ మీద చర్మం ముడతలు పడిపోయింది, కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట. వాడి మీదా కేసుంది, నా మీదా ఉంది. వాడు నన్ను చూడనన్నాడు.

మొన్న ఆమె ఫోన్ చేసి, "వదినా, కొత్త గిన్నె కొన్నావా?" అని అడిగింది. కొనలేదన్నాను. "కొను. నేనొచ్చినప్పుడు పంచదారే వేద్దాంలే," అంది.

రెండు పూటలా దేవుడి ముందు కూర్చుంటున్నాను. అబద్ధపు ఒట్టు వేసినందుకు క్షమించమని రోజూ అడుగుతున్నాను. సాస్ పోసినందుకు ఇంకా అడగలేదు, అడగాలో లేదో తెలియడం లేదు. దానికన్నా ముందు, ఆమెకు తల దువ్వి వెనక్కి పంపిన ఆ రెండుసార్ల గురించి అడగాలి. నోరు తెరుస్తాను. మాట రాదు.